తప్పు వేలిది కాదు

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రధాన కమిషనర్ గారికి,



2023 నవంబర్ 30న మీ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ నివారణకు మార్గదర్శకాలు ప్రకటించింది. ఫోన్ తెర మీద కొనుగోలుదారుణ్ని దారి తప్పించే పదమూడు పద్ధతులకు పేర్లు పెట్టి, ఒక్కోదానికీ ఉదాహరణలు చూపి, ఇవి చేయకూడదని చెప్పింది. లేని తొందర పుట్టించడం, అడగని సరుకు బుట్టలో వేయడం, వద్దన్నవాళ్ళను చిన్నబుచ్చడం, చేరడం సులువు చేసి బయటపడటం కష్టం చేయడం, అసలు ధరను చివరిదాకా దాచడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఇది మంచి పని. అందుకు కృతజ్ఞత చెప్పుకుంటూనే, అందులో మిగిలిపోయిన పెద్ద లోపం గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆ మార్గదర్శకాల నిర్వచనం ప్రకారం ఒక తెరను డార్క్ ప్యాటర్న్ అనాలంటే, వాడేవాళ్ళను తప్పుదోవ పట్టించడానికే దాన్ని అలా తయారు చేశారని తేలాలి. అంటే తయారీదారు మనసులో ఏముందో ముందు మీరు పట్టుకోవాలి. ఆ వెతుకులాట వదిలేయమని నా మనవి. తెర ముందున్న మనిషి ఏం అర్థం చేసుకున్నాడు, ఏం నొక్కాడు, తర్వాత ఏం పోగొట్టుకున్నాడు అన్నది కొలవవచ్చు. ఆ కొలతతోనే తెరను తప్పుపట్టండి.

ఈ మాట రాయచూరు జిల్లా అరకేర నుంచి చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ పత్తి, మిరప, కంది పండించే ఇళ్ళలో కొందరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలోనూ తాలూకా కచేరిలోనూ కన్నడ చదువుతారు. ఫోన్ తెర మీద మాత్రం ఎక్కువగా ఎదురయ్యేది ఇంగ్లీషే. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లా అక్షరాస్యత 60 శాతానికి కాస్త తక్కువ. స్త్రీలలో చదవగలిగినవాళ్ళు అప్పటికి సగం కూడా లేరు. అదే స్త్రీల పేరున 2023 ఆగస్టు నుంచి గృహలక్ష్మి పథకం కింద నెలకు 2,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతున్నాయి. ఖాతాలో డబ్బు, చేతిలో ఫోన్ ఉన్నప్పుడు, చదవలేని తెర మధ్యలోకి వస్తుంది. ఏ రంగు బటన్ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని నొక్కేవాళ్ళు, పిల్లలు చూపించిన వరసను కంఠస్థం చేసి నొక్కేవాళ్ళు ఇక్కడ తక్కువేం కాదు. తెర తయారు చేసేవాళ్ళు ‘సాధారణ వినియోగదారు’ అన్నప్పుడు వాళ్ళ కళ్ళముందు మెదిలే మనిషి వేరు. ఆ ఊహకూ ఇక్కడి వాస్తవానికీ ఉన్న దూరంలోనే నష్టం జరుగుతోంది.

తెర మనిషి చేత ఎలా పని చేయిస్తుందో మనస్తత్వ శాస్త్రం చాలా కాలంగా చూపిస్తూనే ఉంది. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ 2003లో అవయవదానం మీద ప్రచురించిన అధ్యయనం అందరికీ తెలిసిందే. జర్మనీలో దాతగా చేరాలంటే తనంతట తాను ముందుకొచ్చి ఒప్పుకోవాలి. అక్కడ ఒప్పుకున్నవాళ్ళు 12 శాతం. పొరుగున ఉన్న ఆస్ట్రియాలో వద్దనుకున్నవాళ్ళే ఆ సంగతి చెప్పాలి. అక్కడ దాతలుగా లెక్కకొచ్చినవాళ్ళు 99.98 శాతం. రెండు దేశాలదీ ఒకటే భాష, దగ్గరి సంస్కృతి. ముందే పెట్టిన టిక్కు ఎటువైపు ఉందన్నదే తేడా. అవయవదానం మంచి పని కాబట్టి ఈ ఫలితాన్ని మెచ్చుకుంటాం. టికెట్ కొన్నప్పుడు చందా పేరుతో ముందే టిక్కు పెట్టి కలిపిన ఒక్క రూపాయి వెనక ఉన్నదీ ఇదే బలం. మనిషి సోమరితనమని దీన్ని కొట్టిపారేయలేం. రోజుకు వంద నిర్ణయాలు తీసుకోవలసిన బుర్ర, అన్నిటికీ ఒకే శ్రద్ధ పెట్టలేక, ఎదురుగా సిద్ధంగా ఉన్నదాన్ని ఒప్పుకుంటుంది. ఈ గుణం ప్రొఫెసర్‌కూ ఉంది, పత్తి ఏరే కూలీకీ ఉంది.

అయితే దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. జేమీ లుగూరి, లియోర్ స్ట్రహిలెవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 2021లో అమెరికాలో చేసిన ప్రయోగాలు అచ్చువేశారు. పెద్దగా ఉపయోగం లేని ఒక సేవను జనానికి మూడు రకాల తెరలతో చూపించారు. మామూలు తెర చూసినవాళ్ళలో 11 శాతం దాకా చేరారు. మెత్తగా నెట్టే తెర చూసినవాళ్ళలో 26 శాతం చేరారు. గట్టిగా ఒత్తిడి పెట్టిన తెర ముందు 42 శాతం లొంగిపోయారు. ఇందులో మీరు ఆగి చూడవలసినవి రెండున్నాయి. గట్టి ఒత్తిడికి గురైనవాళ్ళకు కోపం వచ్చింది, మెత్తని దానికి గురైనవాళ్ళకు అలాంటి కోపం రాలేదు. తక్కువ చదువుకున్నవాళ్ళు ఎక్కువగా పడిపోయింది ఆ మెత్తని తెర ముందే. ఈ రెండూ కలిపి చూస్తే మీ పద్ధతిలోని ఇబ్బంది బయటపడుతుంది. మీ సంస్థకు సమాచారం ఎక్కువగా ఫిర్యాదుల నుంచి, 1915 నంబరుకు వచ్చే ఫోన్‌ల నుంచి వస్తుంది. ఫిర్యాదు పుట్టాలంటే తనకు అన్యాయం జరిగిందని ముందు మనిషికి తెలియాలి. అన్నిటికన్నా ఎక్కువగా నష్టపోయేవాళ్ళకు, అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసే తెర ముందు, ఆ తెలివిడే కలగదు. కాబట్టి అరకేర నుంచి ఫిర్యాదులు రాకపోవడాన్ని అరకేరలో సమస్య లేదనడానికి రుజువుగా తీసుకోకూడదు.

ఉద్దేశం ఎందుకు దొరకదో చెప్పాలి. ఈ కాలపు యాప్‌లో ఏ బటన్ ఏ రంగులో ఉండాలో ఒక దుర్మార్గుడు కూర్చుని నిర్ణయించడు. ఒకే తెరను రెండు మూడు రకాలుగా తయారు చేసి, వేరువేరు గుంపులకు చూపించి, ఎక్కువమంది దేన్ని నొక్కారో లెక్కవేస్తారు. ఎక్కువ డబ్బు తెచ్చిన తెర నిలుస్తుంది, మిగతావి పోతాయి. దీన్ని ఏ/బి పరీక్ష అంటారు. ఎందుకు ఎక్కువమంది నొక్కారని ఎవరూ అడగరు. అర్థమై నొక్కారా, అర్థం కాక నొక్కారా అన్నది ఆ లెక్కలో కనిపించదు. ఇలా ఏ ఒక్కరూ మోసం చేద్దామనుకోకుండానే, వేల పరీక్షల తర్వాత మిగిలే తెర మోసపు తెర కావచ్చు. అప్పుడు డిజైనర్‌ను పిలిచి అడిగితే, నేను అంకెలు చెప్పినట్టు చేశానంటాడు. అది అబద్ధం కూడా కాదు. ఉద్దేశం కాగితాల్లో దొరికిన సందర్భాలు లేకపోలేదు. అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకునే సుదీర్ఘమైన దారికి సంస్థ లోపల గ్రీకు మహాకావ్యం ఇలియడ్ పేరు పెట్టుకున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులో బయటికొచ్చింది. 2023లో వేసిన ఆ కేసు 2025 సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది, సంస్థ తప్పు ఒప్పుకోలేదు. అంత పెద్ద యంత్రాంగానికే రెండేళ్ళకు పైగా పట్టిన పని, మన దగ్గర వందల యాప్‌ల విషయంలో ఎప్పటికి తెములుతుంది?

ఫలితాన్ని కొలిచి తెరను సరిచేయించడం కొత్త సంగతి కాదు. ఫ్రాన్స్‌లో సమాచార రక్షణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. కుకీలను ఒప్పుకోవడానికి ఒక నొక్కు చాలు, కాదనడానికి చాలా నొక్కులు కావాలి, ఇదీ ఆ సంస్థ చూపించిన తప్పు. ఆ నొక్కులను ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. మన దగ్గరా తెరను సరిచేయించిన సందర్భాలున్నాయి. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నప్పుడు, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. ఆ విషాదం మొదలైంది చిన్న తెరతోనే. అప్పు కోసం యాప్ వేసుకోగానే కాంటాక్టులు చూడటానికి అనుమతించాలా అని అడుగుతుంది. కాదంటే ముందుకు పోనివ్వదు. ఆ క్షణంలో మనిషి ఆలోచన అంతా రాబోయే ఐదు వేల మీద ఉంటుంది. ఒక్క నొక్కుతో అత్తగారి నంబరు, మేస్త్రీ నంబరు, పిల్లల టీచరు నంబరు అన్నీ అవతలివాళ్ళ చేతికి పోతాయి. వాయిదా తప్పిన రోజున వాళ్ళందరికీ ఫోన్‌లు మొదలవుతాయి. చట్టం దృష్టిలో అది అనుమతే, ఎందుకంటే నొక్కింది ఆ మనిషి వేలే. రిజర్వ్ బ్యాంకు 2021 జనవరిలో వర్కింగ్ గ్రూప్ వేసి, 2022 సెప్టెంబర్ 2న నియమాలు తెచ్చింది. అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని చెప్పింది. అప్పు మొత్తం ఖర్చును ఏడాది వడ్డీ రేటుగా ముందే చూపించాలని, కొద్ది రోజుల్లోపు వెనక్కిచ్చేసే వీలు ఉండాలని పెట్టింది. దొంగ యాప్‌లు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ నియమం సరైన చోట చేయి వేసింది. జాగ్రత్తగా చదివి నొక్కండని అప్పు తీసుకునేవాడికి బుద్ధి చెప్పడంతో ఆగకుండా, అడగకూడని ప్రశ్నను తెర మీద నుంచే తీసేయమంది.

రెండో ఉదాహరణ ఇంతకన్నా స్పష్టం. ఫోన్‌లో డబ్బు అడిగే సౌకర్యం యూపీఐలో మొదటినుంచీ ఉండేది. పాత మంచమో బండో అమ్మకానికి పెట్టినవాళ్ళకు కొంటామని ఫోన్ వచ్చేది. డబ్బు పంపిస్తున్నాను, మెసేజ్ వస్తుంది, పిన్ కొట్టండి, జమ అవుతుందని అవతలివాడు చెప్పేవాడు. ఫోన్ మోగేది. తెర మీద ఒక పేరు, ఒక మొత్తం, కింద బటన్, నొక్కితే పిన్ గడులు. అమ్మేవాళ్ళు పిన్ కొట్టేవాళ్ళు, ఖాతాలోంచి డబ్బు పోయేది. ఎంత అమాయకులో అని చాలామంది నవ్వారు. నవ్వవలసిందేమీ లేదు. యూపీఐ రాకముందు మన జనం పిన్ నేర్చుకున్నది ఏటీఎం దగ్గర. అక్కడ పిన్ కొడితే డబ్బు చేతికొస్తుంది. ఆ అనుభవంతో బుర్రలో ఏర్పడ్డ నమూనాను పట్టుకుని మనిషి కొత్త తెరను చదువుతాడు. డొనాల్డ్ నార్మన్ 1988లో రోజువారీ వస్తువుల మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో చెప్పింది ఇదే. వాడేవాడు పదేపదే ఒకే పొరపాటు చేస్తున్నాడంటే, తప్పు వస్తువు తయారీలో వెతకాలని ఆయన వాదం. బ్యాంకులు, పోలీసులు ఏళ్ళ తరబడి డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని పోస్టర్లు వేశారు. చివరికి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికీ మనిషికీ మధ్య ఆ సౌకర్యాన్నే ఆపేసింది. పోస్టర్ చదవలేని మనిషిని ఆ నిర్ణయం కాపాడుతుంది. ఆ తెరను మొదట రూపొందించినవాళ్ళకు దురుద్దేశం ఉందని నేను అనను. దురుద్దేశం లేకుండానే ఇంత హాని జరిగిందన్నదే మీరు గమనించాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, ఉద్దేశం లేకుండా తప్పుపడితే ప్రతి చేతకాని డిజైనూ నేరమైపోతుందని. మీ సంస్థకు ఆధారమైన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే దీనికి జవాబుంది. ఆ చట్టంలో ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయం ఉంది. తయారీలో లోపం ఉన్నా, డిజైన్‌లో లోపం ఉన్నా తయారీదారు బాధ్యుడని అది చెబుతుంది. కుక్కర్ పేలినప్పుడు కంపెనీ దాన్ని పేల్చాలనుకుందా అని ఎవరూ అడగరు. ఆ సూత్రం తెరకు ఎందుకు వర్తించకూడదు? శిక్ష మాట తర్వాత. మొదట తెర సరిచేయమని ఆదేశం, పోయిన డబ్బు వెనక్కి. కొలత చేతికిచ్చిన తర్వాత కూడా అదే తెర నడిపిస్తే, అప్పుడు ఉద్దేశం దానంతట అదే రుజువవుతుంది, జరిమానా న్యాయమవుతుంది. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం పీఠికలో ఉద్దేశంతో చేసినా, ఫలితంలో అలా అయినా అని రెండూ కలిపి రాశారు. కాలిఫోర్నియా చట్టం కూడా డార్క్ ప్యాటర్న్‌ను నిర్వచించేటప్పుడు దాని గణనీయ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుంది.

రెండో అభ్యంతరం బరువైనది. ఏ తెరా తటస్థంగా ఉండదు, ఏదో ఒకటి ముందు, ఏదో ఒకటి వెనక ఉండక తప్పదు, అలాంటప్పుడు ప్రభావాన్ని కొలిచి ఎవరిని తప్పుపడతావని. నిజమే, ఏదో ఒక వరస ఉండాలి. కానీ ఆ వరస ఎవరి మేలు కోసం అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మన ఓటింగ్ యంత్రాన్ని దగ్గరగా చూడండి. ఒక పేరు, పక్కన గుర్తు, ఫొటో, దానికెదురుగా నీలం బటన్. అన్ని బటన్‌లూ ఒకే కొలత, ఒకే రంగు. అధికారంలో ఉన్న పార్టీకి పెద్ద బటన్ లేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిన నోటాకూ అదే నీలం బటన్ ఇచ్చారు. వద్దన్నవాళ్ళను చిన్నబుచ్చేలా ‘నాకు దేశం అక్కర్లేదు’ అని దాని పక్కన రాయలేదు. నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ వినిపిస్తుంది, వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. చదువురాని మనిషి కూడా తను ఎవరికి వేసిందీ తను చూసుకోగలదు. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే చదవలేని కోట్ల మందిని దృష్టిలో పెట్టుకుని గుర్తులు పెట్టిన దేశం ఇది. ఈ యంత్రం మీద వేరే వాదాలు ఎన్నైనా ఉండనివ్వండి, దాని ముఖం మాత్రం ఓటరు పక్షాన తయారైంది. అప్పు తీసుకునే తెర మీద వద్దు అన్న బటన్ కూడా అదే కొలతలో ఎందుకు ఉండదు?

ఇక ఖర్చు సంగతి. పరీక్షలు పెడితే చిన్న కంపెనీలు మునిగిపోతాయంటారు. తెరల వాడకం మీద పరిశోధించిన జేకబ్ నీల్సన్ దశాబ్దాలుగా చెబుతున్నట్టు, ఐదుగురు మనుషుల చేత వాడించి చూస్తే తెరలోని ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బయటపడతాయి. ఐదుగురి కూలీ ఏ కంపెనీనీ ముంచదు. సులువు పోతుందన్న వాదన ఇంకొకటి ఉంది. పేదవాళ్ళకు కావలసింది తక్కువ నొక్కులతో పని అయిపోవడమని, అడ్డంకులు పెడితే వాళ్ళకే నష్టమని. కొంతవరకు ఒప్పుకుంటాను. కరెంటు బిల్లు కట్టడానికి ఏడు తెరలు అక్కర్లేదు. వెనక్కి తీసుకోలేని పని దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆపడం వాడేవాడికి మేలే. ఆ ఏడు సెకన్ల చీటీ ఓటరు సమయాన్ని వృథా చేసిందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు అడగదలుచుకున్నవి. మార్గదర్శకాల నిర్వచనంలో ఉద్దేశంతో పాటు ఫలితాన్నీ చేర్చండి. పెద్ద వేదికలు తమ ఏ/బి పరీక్షల రికార్డులను కొన్నేళ్ళపాటు దాచి, మీరు అడిగినప్పుడు చూపించేలా నియమం పెట్టండి. ఏ తెర గెలిచింది, అది గెలిచాక ఎంతమంది డబ్బు వెనక్కి అడిగారు, ఎంతమంది నెలలోపు రద్దు చేసుకోబోయి మధ్యలో ఆగిపోయారు అన్న లెక్కలు వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. 2025 జూన్‌లో మీరు వేదికలన్నిటినీ మూడు నెలల్లో తమను తాము తనిఖీ చేసుకోమన్నారు. తన తెరను తానే చూసుకునే కంపెనీకి అది స్పష్టంగానే కనిపిస్తుంది, రోజూ చూసే కళ్ళు కాబట్టి. తనిఖీ బయటివాళ్ళు చేయాలి, ఆ తెరను మొదటిసారి చూసే మనుషుల చేత వాడించి చేయాలి. నొక్కిన తర్వాత ఒకే ప్రశ్న అడిగితే చాలు: ఇప్పుడు మీ డబ్బు ఏమైంది, మీరు దేనికి ఒప్పుకున్నారు? సరిగా చెప్పలేనివాళ్ళు ఎక్కువైతే ఆ తెర తప్పినట్టు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అనుమతి అడిగే నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఎంచుకునే వీలుండాలంటోంది. చదవడం రానివాళ్ళకు ఆ 22 కూడా అక్షరాలే కాబట్టి, డబ్బు కదిలే తెర మీది మాటలను వాళ్ళు ఎంచుకున్న భాషలో గొంతుతో వినిపించాలని మీ నియమాల్లో రాయండి.

ఇలాంటి ఆలోచన కర్ణాటకకు కొత్త కాదు. రెండున్నర దశాబ్దాల కిందట భూమి పథకం కింద పహణీలను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు, తాలూకా కచేరి కౌంటర్ దగ్గర రైతు వైపు తిప్పి రెండో తెర పెట్టారు. గుమస్తా తన పొలం గురించి ఏం చేస్తున్నాడో రైతు కళ్ళతో చూడాలని. చదవలేని రైతు కూడా పక్కనున్నవాణ్ని పిలిచి చదివించుకోవచ్చు. ఫోన్‌లో అలాంటి రెండో తెర లేదు. అందరి చేతుల్లోనూ ఒక్కటే తెర, అదీ కంపెనీ పెట్టినది. పక్కవాణ్ని పిలిచే సమయం కూడా దొరక్కుండా దాని మీద సెకన్లు తగ్గుతూ ఉంటాయి.

ఈ పరీక్షలను రాయచూరు లాంటి జిల్లాలో కూడా పెట్టించండి. ఏ నెలలో పెట్టాలన్నది కూడా మీరే నిర్ణయించండి, కంపెనీలకు వదలకండి. తమిళనాడులోని విలుప్పురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులను పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చిన తర్వాత ఒకసారి పరీక్షించి, 2013లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. చేతిలో డబ్బు లేని రోజుల్లో అదే రైతు అవే రకం ప్రశ్నలకు తక్కువ సరిగా జవాబు చెప్పాడు. తెలివి తగ్గలేదు, ఆలోచనలో ఎక్కువ చోటు అప్పుల లెక్క ఆక్రమించింది. పత్తి అమ్మిన తర్వాత జనవరిలో వచ్చి చూస్తే ఇక్కడి జనం ఈ తెరలను బాగానే వాడుతున్నట్టు కనిపిస్తారు. విత్తనాలకూ ఎరువులకూ డబ్బు వెతుక్కునే జూన్‌లో రండి, లోన్ యాప్‌లు ఎక్కువగా తెరిచేది ఆ నెలలోనే.

ఇట్లు,
అరకేర, రాయచూరు జిల్లా నుంచి
ఒక వినియోగదారు